స్కూల్లో ప్రార్థన పాడనంటే పిల్లల్ని బలవంతం చేయొచ్చా?

"పాపని చేర్పించిన ప్రైవేటు స్కూల్లో రోజూ పొద్దున మా మతానిది కాని ప్రార్థన పాడిస్తున్నారు, పాడకపోతే బయట నిలబెడుతున్నారు, చట్టం దీనికి ఒప్పుకుంటుందా" అని అడిగారు. ఒప్పుకోదు. ఇందులో రెండో మాట లేదు. రాజ్యాంగం 28వ అధికరణం, మూడో క్లాజు తీసి చదవండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలైనా, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఎయిడెడ్ స్కూలైనా, అక్కడ జరిగే మతబోధనలోగానీ ప్రార్థనలోగానీ పాల్గొని తీరాలని ఎవరినీ నిర్బంధించకూడదు. పాల్గొనాలంటే వాళ్ళు ఒప్పుకుని ఉండాలి, మైనరైతే వాళ్ళ తల్లిదండ్రులు ఒప్పుకుని ఉండాలి. "మాది ప్రైవేటు, మా ఇష్టం" అనేవాళ్ళని గుర్తింపు కాగితం ఎవరిచ్చారో అడగండి. "మాది మైనారిటీ సంస్థ, మాకు 30వ అధికరణం ఉంది" అన్నా అంతే. 30 ఇచ్చేది స్కూలు పెట్టుకుని నడుపుకునే హక్కు. ఎదుటివాళ్ళ పిల్లల చేత ప్రార్థన చేయించే హక్కు కాదు.

నేను చాలా ఏళ్ళు ప్రైవేటు హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. ఈ క్లాజు తెలిసిన కరస్పాండెంట్‌ని ఒక్కరిని కూడా చూడలేదు. టీచర్లకైనా తెలుసా అంటే అదీ లేదు. డీఎస్సీకి చదివేటప్పుడు "మతస్వేచ్ఛ: 25 నుంచి 28" అని బిట్ బట్టీ పట్టి ఉంటారు. ఆ 28లో ఏముందని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. బిట్ బ్యాంకులు మన చదువుకి చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

కృష్ణా జిల్లాలో నేను పనిచేసిన ఒక స్కూల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. తండ్రి ఆర్టీసీ కండక్టరు, పక్కా నాస్తికుడు. విజయవాడ నాస్తిక కేంద్రంలో సభ ఉందంటే కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఆ పిల్ల అసెంబ్లీలో ప్రతిజ్ఞ గొంతెత్తి చెప్పేది. (ఆ ప్రతిజ్ఞ రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారని, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారని ఎన్ని స్కూళ్ళలో చెబుతున్నారో, అది ఇంకో బాధ.) జనగణమన కూడా పాడేది. ప్రార్థన గీతం మొదలైతే మాత్రం నోరు కదిపేది కాదు, చేతులు జోడించేది కాదు. నవ్వడం, పక్కవాళ్ళని కదిలించడం లాంటివేమీ లేవు. ఊరికే నిలబడేది.

అది పీఈటీ సార్ కంట్లో పడింది. వరుసలోంచి లాగి స్టేజి పక్కన నిలబెట్టారు. మర్నాడూ పాడలేదు. ప్రేయర్ అయ్యాక కూడా ఎండలోనే ఉంచారు. చెంపల మీద చెమట ధారగా కారుతున్నా ఆ పిల్ల చెయ్యెత్తి తుడుచుకోలేదు. ఎందుకని తర్వాత నేను అడిగితే, "చెయ్యి పైకి లేపితే దణ్ణం పెట్టాననుకుంటారు సార్" అంది.

తండ్రి వచ్చాడు. 28వ అధికరణం ఉన్న పేజీ జిరాక్స్ తీయించుకుని మరీ వచ్చాడు. క్లాస్ టీచర్ని కాబట్టి నన్నూ లోపలికి పిలిచారు. కరస్పాండెంట్ ఆ కాగితం వైపు చూడను కూడా లేదు. "రూల్స్ మాట్లాడేవాళ్ళు టీసీ పట్టుకెళ్ళచ్చు" అన్నారు. "సార్, ఆయన చూపిస్తున్నది రాజ్యాంగం" అన్నాను. "మీరు పాఠం చెప్పుకోండి మాస్టారూ" అన్నారు. ఆ కండక్టరు మాత్రం గొంతు పెంచలేదు. "అలాగే సార్. ప్రార్థన చేయనందుకు పంపేస్తున్నామని టీసీలో రాసి సంతకం పెట్టండి, తీసుకెళ్తాను" అన్నాడు. గుర్తింపు రెన్యువల్ ఫైలు డీఈఓ ఆఫీసులో ఉన్న రోజులవి. ఎవరు సంతకం పెడతారు? తన కూతురు ప్రార్థనలో పాల్గొనడానికి సమ్మతి లేదని రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని వెళ్ళాడు. మర్నాటి నుంచి ఆ పిల్ల వరుసలో తన చోట తను నిలబడింది.

ఆ తండ్రికి తెలుసో లేదో గానీ, సుప్రీంకోర్టు ఈ సంగతి 1986లోనే తేల్చేసింది. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖని నమ్మే కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు. జాతీయగీతం వస్తే మర్యాదగా నిలబడతారు, పాడరు, వాళ్ళ విశ్వాసం ఒప్పుకోదు. వాళ్ళ అక్కలూ అదే స్కూల్లో అలాగే చదువుకున్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు. 1985 జులైలో ఒక ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో లేవనెత్తేసరికి అది దేశభక్తి సమస్య అయిపోయింది, పిల్లల్ని స్కూలు నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. నిలబడి గౌరవం చూపినవాళ్ళు పాడనంతమాత్రాన అవమానించినట్టు కాదన్నారు. ఆ నమ్మకం మనకి సబబుగా తోస్తుందా లేదా అన్నది ప్రశ్నే కాదు, వాళ్ళు నిజంగా నమ్ముతున్నారా అన్నదే చూడాలన్నారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయి, దాన్ని పలచన చేయొద్దని ముగించారు. జాతీయగీతానికే ఈ మాట వర్తిస్తే, స్కూలు వాళ్ళు ఎంచుకున్న ప్రార్థన పాటకి వర్తించదా? ప్రతి బీఈడీ కాలేజీలో ఈ తీర్పు పాఠంగా పెట్టాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

2022 అక్టోబరులో హిజాబ్ కేసులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చినప్పుడు, జస్టిస్ ధూలియా ఆధారపడింది ఈ తీర్పు మీదే. టీవీ చర్చల్లో అరిచినవాళ్ళలో ఒక్కరు దాన్ని చదివి వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఇక మీ సంగతి. నోటిమాటగా గొడవ పెట్టుకోకండి, మీ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. ఉత్తరం రాయండి, కాపీ డీఈఓకి పంపండి. మీకు సర్దుబాటు పేరుతో ఒక మాట చెబుతారు: "ప్రేయర్ అయ్యాక పంపండి" అనో, "అంతసేపు క్లాసులో కూర్చోమనండి" అనో. ఒప్పుకోకండి. తప్పు చేసిన పిల్లలాగా ఆ పాప ఎందుకు విడిగా ఉండాలి? అందరితోపాటు వరుసలోనే మౌనంగా నిలబడుతుందని అదే ఉత్తరంలో స్పష్టంగా రాయండి. కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా మాత్రం ఆఫీసు గది దాటి రాకండి.