హేవలాక్ బ్రిడ్జి గురించి మాట్లాడబోతున్న మనవరాలికి

చిట్టితల్లీ,

నువ్వు అహ్మదాబాద్ సదస్సులో మన రాజమండ్రిలో గోదారి మీది పాత రైలు వంతెన, హేవలాక్ బ్రిడ్జి గురించి మాట్లాడబోతున్నావని, దారి ఖర్చులకు చిన్న గ్రాంటు కూడా వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. అప్పటినుంచి వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అహ్మదాబాద్‌లో దిగుతావు. బెర్తు ఇవాళే బుక్ చెయ్యి. రిజిస్ట్రేషన్‌లో విద్యార్థులకు తగ్గింపు ఉందేమో కనుక్కో.

ఇక అసలు సంగతి. ఆ గ్రాంటు డబ్బు ముందే ఇస్తారా, తిరిగొచ్చాక బిల్లులు చూసి ఇస్తారా? అడిగావా? అడిగి ఉండవు. డబ్బు సంగతి నోరు తెరిచి అడగడం మనింట్లో ఎవరికీ చేతకాదు.

1973లో మద్రాసులో పాత పట్టణాల మీద సదస్సు పెట్టి, మన మండువా లోగిళ్ళ గురించి చెప్పమని నన్ను పిలిచారు. ఖర్చులకు 120 రూపాయలు మంజూరు చేశారు, కాకపోతే తిరిగొచ్చాకే ఇస్తారట. మా అమ్మ మెళ్ళోని ఒకటిన్నర కాసు గొలుసు తీసిచ్చింది. 150కి తాకట్టు పెట్టాం, నెల తిరక్కుండా విడిపిస్తానన్నాను. అప్పటికి రోడ్డు-రైలు వంతెన ఇంకా తెరవలేదు, రైళ్ళన్నీ హేవలాక్ మీదే. బండి వంతెన ఎక్కగానే పది పైసల బిళ్ళ గోదారిలో వేసి దణ్ణం పెట్టుకున్నాను.

మద్రాసులో దిగాక గేటు దగ్గర టికెట్ కలెక్టరు చెయ్యి చాపాడు, అట్ట టికెట్ ఇచ్చేశాను. ఆ రోజుల్లో అందరూ ఇచ్చేవారు. తిరిగొచ్చినప్పుడు మన స్టేషన్లోనూ అంతే. రెండింటి నంబర్లూ రాసుకోలేదు. బిల్లు పట్టుకెళ్తే గుమాస్తా మొట్టమొదట అడిగింది టికెట్ నంబరే. మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి సిగ్గేసి మానేశాను. నంబరు రాసుకోకపోవడం కన్నా పెద్ద తప్పు అదే. సదస్సుకు వచ్చినవాళ్ళ సంతకాల కాగితం చూపించమని గట్టిగా అడిగి ఉండాల్సింది.

వడ్డీ పెరిగిపోయి రెండేళ్ళకు గొలుసు చెయ్యి జారింది. అమ్మ ఒక్క మాటా అనలేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు పసుపుతాడు ఒక్కటే కనపడుతుందని కొంగు మెడ చుట్టూ కప్పుకునేది. ఉద్యోగం వచ్చాక వేరే గొలుసు చేయిస్తే, 'నాకెందుకురా ఇప్పుడు' అని మీ అమ్మ మెళ్ళో వేసింది. మీ అమ్మ ఇప్పటికీ వేసుకునేది అదే.

అందుకని చెబుతున్నా, వాళ్ళ షరతులు మెయిల్‌లో రాయించుకో. ఏ ఖర్చు ఇస్తారో, ఏది ఇవ్వరో, ఎన్ని రోజుల్లోగా బిల్లులు పెట్టాలో అందులో ఉండాలి. బిల్లు నీ పేరు మీదే తీసుకో. హోటళ్ళలో మెషిన్ నుంచి వచ్చే నున్నటి కాగితం బిల్లులు నెల్లాళ్ళకే వెలిసిపోతాయి, తీసుకోగానే ఫోటో కొట్టు. హాజరైనట్టు సర్టిఫికెట్ తీసుకోకుండా రాకు. డబ్బు ఆలస్యమైతే పదిసార్లైనా అడుగు. నువ్వు అడిగేది దానం కాదమ్మా, వాళ్ళు ఇస్తామన్న డబ్బే.

మాట్లాడేటప్పుడు 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిందని, 56 స్పాన్లని లెక్కలు చెప్పి ఊరుకోకు. కిటికీలోంచి బిళ్ళలు విసిరిన చేతుల గురించి కూడా చెప్పు. 2017లో ప్రపంచ వారసత్వ నగరమైన ఊరికి వెళ్తున్నావు, గదిలో కూర్చోకు. సబర్మతి మీద 1892 నాటి ఎల్లిస్ బ్రిడ్జి ఉంది. రెండు పక్కలా కొత్త వంతెనలు కట్టి పాతదాన్ని మధ్యలో నిలబెట్టారు. పొద్దున్నే వెళ్ళి చూడు, ఇనుము దగ్గరగా చూడు, ఫోటోలు తీసుకురా. మన వంతెనను కూడా అలా నిలబెట్టమని ఎవరినైనా అడగాలంటే రేపు అవే చూపించాలి.

ఎవరి దగ్గరా అప్పు చెయ్యకు. మీ అమ్మ అకౌంట్లో ఇవాళ పదివేలు వేస్తున్నాను. గ్రాంటు డబ్బు వచ్చాకే తిరిగివ్వు, రాకపోతే మర్చిపో. టికెట్ బుక్ కాగానే పీఎన్నార్ నాకూ పంపు, నేను డైరీలో రాసుకుంటాను.

మీ తాతయ్య