701 ఇంజిన్‌కి పొట్టి హల్ వద్దు

మీ దగ్గర 1998 యమహా సూపర్‌జెట్ (నిలబడి నడిపే జెట్ స్కీ) ఉంది, ఇంజిన్ స్టాక్ 701, అంటే కంపెనీ బిగించిన 701 సీసీదే. అమెరికాలోని ఆరెగాన్ తీరంలో అలల మీద నడపడానికి పొట్టి ఫ్రీస్టైల్ (విన్యాసాల) హల్, అంటే బండి బాడీ, కొనాలా, కాస్త పొడవైన ఫ్రీరైడ్ (అలల మీద నడిపే) హల్ కొనాలా అని అడిగారు. నా ఓటు పొడవైనదానికే.

పొట్టి హల్ నిశ్చల నీటిలో పల్టీలు కొట్టడానికి పుట్టింది. దాన్ని గాల్లోకి లేపాలంటే పెద్ద ఇంజిన్ ఉండాలి. మీకు అల ఉంది కదా, లేపే పని అదే చేస్తుంది! తెల్లటి నురుగులో వేగంగా వెళ్తుంటే పొట్టి బండి కుదురుగా ఉండదు, ముక్కు పైకీ కిందకీ ఊగుతుంది. నేను మొదట అదే కొన్నాను. ఒడ్డు నుంచి అలలు దాటి బయటపడేసరికే చేతులు పడిపోయేవి.

హల్ కార్బన్ ఫైబర్‌ది అయితే తేలికే, కానీ ఖరీదు. ఇసుకలో బండిని ఈడ్చే మనలాంటివాళ్లకు, అడుగున అదనపు పొర వేసిన ఫైబర్‌గ్లాస్ చాలు.

ఇక అసలు టెన్షన్ పంపు దగ్గర, అంటే నీటిని వెనక్కి చిమ్మి బండిని నడిపే భాగం దగ్గర. మీ స్టాక్ పంపు 144 మిల్లీమీటర్లది. కొన్ని హల్స్ 148కి తయారుచేస్తారు. డబ్బు కట్టే ముందే అడగండి, లేకపోతే పంపు ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. లోపల తేలడానికి ఫోమ్ ఉందా, ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని బిగించే ఆధారాలు) మీ 701కి సరిపోతాయా అన్నదీ కనుక్కోండి. బిగించేటప్పుడు షాఫ్ట్ అలైన్‌మెంట్, అంటే ఇంజిన్, పంపు ఒకే వరసలో ఉన్నాయా అన్నది మాత్రం తొందరపడకుండా చూసుకోండి.