ఇవాంజెలిస్ట్ వేరు, ఇవాంజెలికల్ వేరు

అనువాదంలో ‘ఇవాంజెలికల్’ అని వచ్చిన ప్రతిచోటా ‘సువార్తికుడు’ అని రాశాను, అది తప్పేమో అని అడిగారు కదండీ. తప్పేనండి, మార్చేయండి. సువార్తికుడు అంటే ఇవాంజెలిస్ట్, సువార్త ప్రకటించడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఇవాంజెలికల్ అనేది ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక విశ్వాస ధోరణి పేరు. ఆ ధోరణి ఉన్న చర్చికి వెళ్లే బ్యాంకు ఉద్యోగి ఇవాంజెలికల్ క్రైస్తవుడు అవుతాడు గానీ, అంతమాత్రాన సువార్తికుడు అయిపోడు.

రెండిటికీ మూలం ‘యువాంగెలియోన్’ అనే గ్రీకు మాట. ‘యు’ అంటే మంచి, మిగతాది కబురు. మన ‘సు’, ‘వార్త’ దానికి అచ్చంగా సరిపోయాయి, నాకు చాలా ఇష్టమైన అనువాదం ఇది. కొత్త నిబంధనలో సువార్తికుడు అనే మాట మూడేసార్లు వస్తుంది: అపొస్తలుల కార్యములు 21లో ఫిలిప్పుకి, ఎఫెసీ 4లో, 2 తిమోతి 4లో. ఎఫెసీలో కాపరులను, అంటే పాస్టర్లను, విడిగా చెప్పారు, కాబట్టి పాస్టర్ అని ఉన్నచోట కూడా ఈ మాట పెట్టకండి. మత్తయి, మార్కు, లూకా, యోహానులను సువార్తికులు అన్నప్పుడు మాత్రం సువార్త రాసినవాళ్లని అర్థం, సందర్భం చూసుకోండి.

ఇవాంజెలికల్ అనే మాట సంఘం పేరులో వస్తే అసలు అనువదించొద్దు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిని అలాగే రాయాలి, లేదా అందరూ పిలిచే ఏఈఎల్‌సీ అనండి. ఇంకోటి, మీ పాఠకులు కథోలికులైతే సువార్తకు బదులు ‘సువిశేషం’ వాడండి, పూజలో వాళ్లు వినేది ఆ మాటే.