పాటతో ఇంగ్లీషు చెప్పబోయే మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వచనాలు.

నీ ఉత్తరం అందింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పాప్ పాటలతో పాఠం చెప్పాలని ఉందనీ, అది కాస్తా కాలక్షేపంగా మారి సిలబస్ వెనకబడుతుందేమోనని బెంగగా కూడా ఉందనీ రాశావు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెబుతూనే రిటైరైనవాణ్ని కాబట్టి నా అభిప్రాయం నాన్చకుండా చెబుతాను. పాటలతో చెప్పు, తప్పకుండా చెప్పు. కానీ వ్యాకరణ సూత్రాలకు ఉదాహరణలు ఏరుకోవడానికే పాటను వాడకు. ముందు పిల్లల చెవికి, ఆ తర్వాత నాలుకకు పని చెప్పడానికి వాడు. మన పిల్లలకు ఇంగ్లీషులో ఉన్న పెద్ద లోటు వినికిడిలోనే ఉంది. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ సూత్రాన్ని తడుముకోకుండా అప్పజెప్పే పిల్ల కూడా, అదే వాక్యాన్ని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న మనిషి మామూలు వేగంతో అంటే పట్టుకోలేక బిక్కమొహం వేస్తుంది.

దీనికి కారణం పిల్లల తెలివితక్కువతనం కాదు, రెండు భాషల నడకలో ఉన్న తేడా. తెలుగు అజంత భాష కనుక, హల్లుతో ముగిసే ఏ ఇంగ్లీషు మాట మన నోట పడినా దాని చివర ఒక అచ్చు వచ్చి చేరుతుంది. బస్ బస్సవుతుంది, రోడ్ రోడ్డవుతుంది. పైగా మనం ప్రతి అక్షరానికీ దాని వంతు కాలం ఇచ్చి పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. ఊనిక (స్ట్రెస్) పడిన అక్షరాలు నిటారుగా వినబడతాయి, వాటి మధ్య ఉన్న 'అండ్', 'ఆఫ్', 'టు' వంటి చిన్న మాటలు నలిగిపోయి సగం మాయమవుతాయి. మనం తరగతిలో పాఠం చదివేటప్పుడు పిల్లలకు అర్థం కావాలని ప్రతి మాటనూ విడదీసి, నిదానంగా, సమాన బలంతో చదువుతాం కాబట్టి ఆ నలిగిన రూపాలు వాళ్ల చెవిన ఎప్పుడూ పడవు. పాట ఆ రూపాలనే పదేపదే వినిపిస్తుంది. పైగా తాళం ఆగదు కనుక, లేని అచ్చును చివర చేర్చే వెసులుబాటు ఇవ్వదు.

బెన్ ఇ. కింగ్ 1961లో పాడిన 'స్టాండ్ బై మీ' తీసుకో. పాట పేరు మూడే అక్షరాల దెబ్బ. మన పిల్లవాడు 'స్టాండు బై మీ' అన్నాడంటే నాలుగవుతుంది, పాట వాణ్ని వదిలి ముందుకు వెళ్లిపోతుంది. నువ్వు ఉచ్చారణ గురించి ఒక్క ముక్క చెప్పనవసరం లేదు. బెంచీ మీద తాళం వేస్తూ పాడమంటే రెండో విడతలోనో మూడో విడతలోనో ఆ 'ఉ'కారం దానంతటదే రాలిపోతుంది. అదే పాటలో 'వోంట్' అనే మాట వస్తుంది, నేను భయపడను అని చెప్పే చోట. పాట వినిపించి ఆ వాక్యాన్ని రాయమంటే తరగతిలో చాలామంది దాన్ని 'వాంట్' అని రాస్తారు, అంటే భయపడను అన్నది భయపడాలని ఉంది అన్నట్టుగా తలకిందులవుతుంది. ఆ రెండు వాక్యాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఏది ఈ పాటకు కుదురుతుందో పిల్లలనే తేల్చమను. ఒక అచ్చు ధ్వని తేడాతో అర్థం ఎంత దూరం పోతుందో వాళ్లు వాదించుకుని తెలుసుకుంటారు, ఆ తర్వాత మరిచిపోరు.

నీ పిల్లలకు తెలుగు పీరియడులో అబ్బిన విద్యను ఇక్కడ ధారాళంగా వాడుకో. సంధి వాళ్లకు తెలుసు. కార్పెంటర్స్ అనే అమెరికా అన్నాచెల్లెళ్ల జంట పాడిన 'టాప్ ఆఫ్ ద వరల్డ్' అనే పాట పేరును వాళ్లు నాలుగు ముక్కలుగా చదువుతారు. పాటలో మాత్రం మొదటి మాట చివరి హల్లు తర్వాతి మాట అచ్చును కలుపుకుని 'టాపవ్' అన్నట్టు వినబడుతుంది. 'ఇది కూడా సంధే' అని ఒక్క మాట అను చాలు, పుస్తకంలో విడివిడిగా ఉన్నవి నోట్లో ఎందుకు కలుస్తాయో వివరించే శ్రమ తప్పుతుంది. అలాగే ఛందస్సు పాఠంలో పద్యపాదానికి గురులఘువులు గుర్తించడం వాళ్లకు అలవాటే కనుక, పాటలోని ఒక వరుసను బోర్డు మీద రాసి, ఊనిక పడిన చోట గురువు గుర్తు, నలిగిన చోట లఘువు గుర్తు పెట్టమను. మన గురువు కాలాన్ని బట్టి, ఇంగ్లీషు ఊనిక బలాన్ని బట్టి ఏర్పడుతుందని తేడా మాత్రం ముందే చెప్పు. తెలుగు మాస్టారితో కలిసి ఒక పీరియడు ఈ పని చేయగలిగితే ఇంకా మంచిది.

ఇక పాటను ఎంచుకోవడం. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన పని ఇదే. టిమ్ మర్ఫీ అనే పరిశోధకుడు 50 పాప్ పాటల భాషను పరిశీలించి 1992లో ప్రచురించాడు. ఈ పాటల్లో మాటలు తేలికైనవనీ, మళ్లీమళ్లీ వస్తాయనీ, మామూలు సంభాషణ కంటే బాగా నెమ్మదిగా సాగుతాయనీ, 'నేను', 'నువ్వు' అనే మాటలు తరచుగా వచ్చినా ఆ నేను ఎవరో, ఆ నువ్వు ఎవరో చాలాసార్లు చెప్పకుండా వదిలేస్తాయనీ ఆయన గమనించాడు. ఆ చివరి సంగతి పద్నాలుగేళ్ల పిల్లలకు ఎంత అనుకూలమో చూడు. ఖాళీగా ఉన్న ఆ 'నువ్వు'లో వాళ్లు స్నేహితురాలిని, అమ్మను, ఊరు వదిలి చదువుకు వెళ్లిన అన్నను, ఎవరినైనా పెట్టుకోగలరు. ప్రతి పాటా ఇలా ఉండదు కనుక, ఎంచే ముందు గాయకుడి పలుకు స్పష్టంగా ఉందా, వాయిద్యాల హోరు గొంతును మింగేస్తోందా, పల్లవి తేలికగా తిరిగి వస్తోందా అని విను. కేరన్ కార్పెంటర్ గొంతు ఈ విషయంలో వరం వంటిది, ప్రతి హల్లూ కడిగిన ముత్యంలా వినబడుతుంది.

పిల్లలు మాత్రం నీకు వేరే పేర్లు చెబుతారు. కొరియాకు చెందిన బీటీఎస్ బృందం 2020లో మొదటిసారి పూర్తిగా ఇంగ్లీషులో పాడిన 'డైనమైట్' పేరు మొదట వస్తుందనుకుంటాను. వాళ్ల అభిరుచిని తోసిపుచ్చకు. కావలసిన పాటల పేర్లు చీటీల మీద రాసి ఇమ్మని, ఇంటి దగ్గర ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరి దాకా, సాహిత్యం ముందు పెట్టుకుని విను. పల్లవి వరకు ముచ్చటగా ఉన్న పాటలో రెండో చరణం తల్లిదండ్రుల ముందు చదవలేనిదిగా ఉండటం కద్దు. వేగం మరీ ఎక్కువైన పాటలో పల్లవి ఒక్కటే తీసుకుంటే చాలు. ఇంటర్నెట్‌లో దొరికే సాహిత్యాన్ని ఉన్నదున్నట్టు జిరాక్స్ తీయించకు. అందులో వినికిడి పొరపాట్లు విపరీతంగా ఉంటాయి, పాటతో పోల్చి దిద్దుకున్నాకే బయట పెట్టు.

తరగతిలో పాటను కనీసం మూడుసార్లు వినిపించు, ప్రతిసారీ వేరే పని ఇవ్వు. మొదటిసారి చేతిలో కాగితం ఉండకూడదు. ఎవరు ఎవరితో అంటున్నారు, సంతోషమా దిగులా అన్న ప్రశ్న ఒక్కటే అడుగు. జవాబు తెలుగులో వచ్చినా స్వీకరించు. రెండోసారి ఖాళీలున్న సాహిత్యం ఇవ్వు. ప్రతి అయిదో మాటా తీసేసే పద్ధతి మంచిది కాదు. పాట మొత్తానికి ఎనిమిదో పదో ఖాళీలు చాలు. మొదటి చరణంలో ఊనిక పడి గట్టిగా వినబడే మాటలను తీసెయ్యి, పిల్లలకు ధైర్యం వస్తుంది. రెండో చరణంలో నలిగిపోయే చిన్న మాటలను తీసెయ్యి, అసలు అభ్యాసం అక్కడ జరుగుతుంది. జిరాక్స్‌కు డబ్బు లేకపోతే సాహిత్యాన్ని చార్టు మీద రాసి గోడకు తగిలించు, లేదా వరుసలను చీటీలుగా కత్తిరించి జట్టుకు ఒక కట్ట చొప్పున ఇచ్చి, వింటూ క్రమంలో పేర్చమను. ఇంట్లో ఫోను కూడా లేని పిల్లలు ఈ పేర్చే పనిలో మిగతావారితో సమానంగా నిలబడతారు, అందుకే నాకు ఇది ఎక్కువ ఇష్టం.

మూడోసారి అందరూ కలిసి పాడాలి. ఈ వయసు మగపిల్లలకు గొంతు మారుతూ ఉంటుంది, నలుగురిలో పాడమంటే సిగ్గుతో చచ్చిపోతారు. ఒక్కణ్ని నిలబెట్టి పాడించే పని ఎన్నడూ చేయకు. పాడలేనివాళ్లు తాళం వేయనీ, పెదవులు కదపనీ. గుంపులో కలిసిపోయిన గొంతుకు ధైర్యం దానంతటదే వస్తుంది. ఆ తర్వాత ఆ పాటను వదిలేయకు. మర్నాడు అయిదు నిమిషాలు, వారం గడిచాక మరో అయిదు నిమిషాలు అదే పాటకు తిరిగిరా. రెండు వారాలకు ఒక పాట చాలు.

వ్యాకరణం వద్దని నేను అనడం లేదు. చెవి కుదిరాక దానికీ చోటుంది. డోరిస్ డే 1956లో పాడిన 'కే సెరా సెరా'ను మన భానుమతి గారు 'తోడు నీడ' చిత్రంలో ఇంగ్లీషులోనే పాడారు. నీ పిల్లల అమ్మమ్మలకు కూడా తెలిసి ఉండవచ్చు. అందులో చిన్నపిల్ల తల్లిని నేను పెద్దయ్యాక ఏమవుతాను అని సూటిగా అడుగుతుంది. ఆ ప్రశ్నలను ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చమంటే పదో తరగతి పరీక్షకు కావలసిన అభ్యాసం విసుగు లేకుండా జరిగిపోతుంది. అయితే పాటల భాష పరీక్షల భాష కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్ బృందం 1979 నాటి ప్రసిద్ధ పాట 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్'లో 'డోంట్', 'నో' అనే రెండు నిషేధాలు ఒకే వాక్యంలో పడతాయి. మాట్లాడే ఇంగ్లీషులో అది నొక్కి చెప్పడమే, మన జవాబు పత్రంలో మాత్రం తప్పు. బియాన్సే 2008లో 'ఇఫ్ ఐ వర్' అని పాడితే, జస్టిన్ బీబర్ 2012లో అదే నిర్మాణాన్ని 'ఇఫ్ ఐ వజ్' అని పాడాడు. ఆ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి, రెండూ జనం నోట ఉన్నాయనీ పరీక్షలో మొదటిదే రాయాలనీ చెబితే, పిల్లలు గాయకుణ్ని తప్పుపట్టరు, మార్కులూ పోగొట్టుకోరు.

చివరి మెట్టు, తెలిసిన బాణీకి సొంత మాటలు కట్టించడం. దీనికి మనింటి ఉదాహరణే ఉంది. 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు కీరవాణి గారు వేదిక మీద తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, 'టాప్ ఆఫ్ ద వరల్డ్' బాణీలో తన కోరికను ఇంగ్లీషు మాటలుగా కట్టి పాడారు. అది విని రిచర్డ్ కార్పెంటర్ తన కుమార్తెలతో కలిసి అదే పాట మాటలు మార్చి పాడి అభినందనలు పంపాడు. ఆ వీడియో మొదట చూపించి, ఆ తర్వాత అసలు పాట వినిపించు. పల్లవిలో రెండు వరుసలు మార్చి తమ బడి గురించో కబడ్డీ జట్టు గురించో రాయమను. ఊనికల లెక్క కుదిరితేనే మాటలు బాణీలో ఇముడుతాయి కాబట్టి, అప్పటిదాకా నేర్చుకున్నదంతా ఆ రెండు వరుసల్లో బయటపడుతుంది. స్పెల్లింగు తప్పులు ఆ పూట దిద్దకు.

బడిలో ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. అరవై మంది ఉన్న గదిలో ఫోను స్పీకరు చాలదు. బ్లూటూత్ స్పీకరును బల్ల మీద కాక గది మధ్యలో పెట్టు, వినే ఆ నాలుగు నిమిషాలు ఫ్యాన్లు ఆపించు. సిగ్నల్‌ను నమ్ముకోకుండా పాటను ముందే డౌన్‌లోడ్ చేసుకో; మధ్యలో ప్రకటన వస్తే తరగతి చెదిరిపోతుంది. పక్క గదిలో పాఠం చెప్పేవారికి ముందుగా ఒక మాట చెప్పు. లెసన్ ప్లాన్‌లో పాట పేరుతో పాటు ఏ ధ్వని, ఏ నిర్మాణం నేర్పుతున్నావో రాసి హెడ్మాస్టరు గారికి చూపించు. కాపీరైట్ గురించి అడిగావు. 1957 నాటి మన చట్టంలోని 52వ సెక్షను బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రతులు తీసుకోవడానికి అవకాశం ఇస్తుంది. అలాగని పాటతో సహా తరగతి వీడియోను యూట్యూబ్‌లో పెట్టకు.

స్టాఫ్ రూములో ఎవరైనా ఇది ఆటపాటల తరగతి అంటే మాటలతో వాదించకు. మొదటి పాటకు ముందు పది చిన్న వాక్యాలు మామూలు వేగంతో చదివి పిల్లల చేత రాయించి ఆ కాగితాలు దాచు. టర్మ్ చివర అలాంటివే మరో పది రాయించి రెండూ పక్కపక్కన పెట్టు. నిజంగా తేడా రాకపోతే పాటలు మార్చు, ఖాళీలు పెట్టే తీరు మార్చు.

మొదటి పాటగా 'స్టాండ్ బై మీ' వైపే నా మొగ్గు. నువ్వు తయారుచేసిన ఖాళీల కాగితం తరగతిలో ఇచ్చే ముందే నాకు వాట్సాప్‌లో పంపు, చూసి రాస్తాను.

ఇట్లు,
నీ మామయ్య