పాత కారులో చిన్న మ్యూజిక్ ప్లేయర్ పెట్టి వింటే సౌండ్ బాగా రావడం లేదు. స్పీకర్లు మార్చాలా?

మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి. 2012 నాటి కారు, స్టీరియోకి బ్లూటూత్ లేదు కానీ ఆక్స్ (ప్లేయర్‌ని కేబుల్‌తో కలిపే రంధ్రం), యూఎస్‌బీ రెండూ ఉన్నాయి, ప్లేయర్‌ని ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌తో (పాటని సిగ్నల్‌గా కారు రేడియోకి పంపే బుల్లి పరికరం) వింటుంటే రేకు డబ్బాలో పాడినట్టుంది అని రాశారు. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను ముందు స్పీకర్లు మార్చి, డబ్బులు వదిలించుకున్నాను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. మా ఏరియాలో ఒక కార్ డెకార్స్ షాపుకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు డోర్ మీద రెండుసార్లు తట్టి "కంపెనీ స్పీకర్లు అంతే సార్" అన్నాడు. ముందు డోర్లకి రెండు కొత్తవి వేయించాను. ఇంటికి వచ్చేలోపే అర్థమైంది. ఇంతకుముందు మసగ్గా వినపడిన చెత్త సౌండ్ ఇప్పుడు స్పష్టంగా వినపడుతోంది!

అసలు దొంగ లైటర్ సాకెట్‌లో కూర్చున్న ట్రాన్స్‌మిటర్. ఎఫ్‌ఎం స్టీరియోలో సుమారు 15 కిలోహెర్ట్జ్ పైన, అంటే మరీ సన్నటి సౌండ్లు, ఏమీ రాదు. నా వయసు చెవులకి అదో లెక్క కాదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ బుల్లి పరికరం సిగ్నల్ చాలా బలహీనం. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ లోపే దానికి ఖాళీ వెతకాలి. హైదరాబాద్‌లో 93.5, 101.9, 102.8 ఇలా వరసగా స్టేషన్లు. ఎలాగో ఒక ఖాళీ చోటు పట్టుకున్నా, ఇక్కడ ఖాళీగా ఉన్నది విజయవాడలో ఖాళీగా ఉండాలని లేదు. నందిగామ దాటాక ఒకసారి పాట చరణం మధ్యలో చీరల షాపు ప్రకటన దూరింది. దాన్నే వాడక తప్పనివాళ్లు ప్లేయర్ వాల్యూమ్ ఫుల్‌గా పెట్టకండి, ట్రాన్స్‌మిటర్ తట్టుకోలేక గొంతులు చీల్చేస్తుంది. మీకు ఆ ఖర్మ లేదు, ఆక్స్ ఉంది కదా.

ఆక్స్ కేబుల్ పెట్టాక కూడా చాలామంది చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. ప్లేయర్ వాల్యూమ్ సగంలో ఉంచి, కారు స్టీరియోని 30 దాకా తిప్పడం. అప్పుడు పాటతో పాటు స్టీరియోలోని బుస కూడా పెరుగుతుంది. ఇలా చేసి చూడండి. ముందు రేడియో పెట్టి మీకు హాయిగా ఉండే వాల్యూమ్ ఎంతో చూసుకోండి, నాకైతే 12. ఆ నంబర్ కదపకుండా ఆక్స్‌కి మారండి. ఇప్పుడు ప్లేయర్ వాల్యూమ్‌ని మెల్లగా పెంచుతూ రేడియో అంత గట్టిగా వినపడే చోట ఆపండి. నా ప్లేయర్‌లో అది ముప్పావు పైన ఎక్కడో వచ్చింది. ఇంక దాన్ని ముట్టుకోవద్దు, పెంచినా తగ్గించినా స్టీరియో దగ్గరే. ఫుల్‌గా పెడితే కొన్ని ప్లేయర్లలో గట్టి డప్పులు వచ్చినప్పుడు సౌండ్ పగులుతుంది, అలా అయితే రెండు గీతలు తగ్గించండి. ఇంకో లాభం, మళ్లీ రేడియోకి మారినప్పుడు గుండె ఆగినంత పనవదు.

పాత ఐపాడ్ లాంటిది ఉంటే, కింద ఉండే 30 పిన్నుల కనెక్టర్‌లో లైన్ అవుట్ ఉంటుంది. దానికి వేరే కేబుల్ కావాలి. హెడ్‌ఫోన్ జాక్‌తో, దాని వాల్యూమ్‌తో సంబంధం లేకుండా సిగ్నల్ నేరుగా వస్తుంది కాబట్టి ఇంకా శుభ్రంగా ఉంటుంది.

ఇక ఈల సంగతి. ఇది మీకు ఇంకా ఎదురవలేదేమో కానీ ఆక్స్‌కి మారాక ఎదురవ్వచ్చు. ప్లేయర్‌ని కారు ఛార్జర్‌కి పెట్టి, అదే సమయంలో ఆక్స్‌లో వింటుంటే కుయ్ మని సన్నటి ఈల వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల కూడా పైకి పోతుంది. నేను వారం రోజులు ఇంజిన్‌లో ఏదో బెల్టు పోయిందని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, ఛార్జర్ దారిలో ఒక ఎర్త్, ఆక్స్ కేబుల్ దారిలో ఇంకో ఎర్త్ కలిసి గుండ్రంగా చుట్టు ఏర్పడి, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) రొద పాటలోకి ఎక్కుతోంది. ఛార్జర్ పీకేయండి, ఈల పోతే ఇదే జబ్బు. ఇంట్లోనే ఛార్జ్ చేసుకుని బయల్దేరడం ఉత్తమం, పవర్ బ్యాంక్‌తో పెట్టినా రాదు. కోఠి గుజరాతీ గల్లీలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, కేబుల్ మధ్యలో పెట్టేది. ఈల పోయింది నిజమే, కానీ నేను కొన్న చవక రకంలో బేస్ కూడా కొంత పోయింది. ఆక్స్‌కి తగిలించే బ్లూటూత్ రిసీవర్లు కారు ఛార్జర్ మీద నడిస్తే వాటికీ ఇదే గోల.

యూఎస్‌బీ దారి ఇంకా తేలిక. మీ ప్లేయర్ పెన్‌డ్రైవ్‌లా కనిపించే రకమైతే స్టీరియోనే ఫైల్ చదివి పాడుతుంది, ప్లేయర్ వాల్యూమ్‌తో పనే లేదు. కాకపోతే పాత స్టీరియోలు చాలావరకు ఫ్యాట్32 ఫార్మాట్‌నే (డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే ఒక పద్ధతి) చదువుతాయి. 64 జీబీ డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లో వస్తాయి, వాటిని పెడితే "నో ఫైల్" అంటుంది. పాటల పేర్లు తెలుగులో ఉంటే తెర మీద వరసగా డబ్బాలు కనపడతాయి. నేను ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకున్నాను, ఒక ఆదివారం పోయింది.

ఫైళ్ల గురించి ఒక్క మాట. 128 కేబీపీఎస్‌లో (సెకనుకి ఎంత డేటా అనే లెక్క) దించుకున్న పాటని 320కి మారిస్తే సైజు పెరుగుతుంది, సౌండ్ పెరగదు. 1960ల నాటి సినిమా పాటలు చాలావరకు మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండ్) రికార్డైనవే, అవి పల్చగా వినపడితే మీ కారుని తిట్టకండి. ఈక్వలైజర్ (బేస్ లాంటివి పెంచి తగ్గించే సెట్టింగ్) ప్లేయర్‌లో ఆపేసి స్టీరియోలో మాత్రమే వాడండి. రెండు చోట్లా బేస్ పెంచితే ఆ చిన్న డోర్ స్పీకర్ ఎక్కడికి పోతుంది పాపం. మనం కుడివైపు కూర్చుంటాం, కుడి స్పీకర్ మోకాలి దగ్గరే ఉంటుంది కాబట్టి బ్యాలెన్స్ రెండు పాయింట్లు ఎడమకి జరిపితే గాయకుడి గొంతు మధ్యకి వస్తుంది. రూపాయి ఖర్చు లేదు.

ఇవన్నీ అయ్యాక అటక మీదున్న పాత కంపెనీ స్పీకర్లు దించి, నేనే మళ్లీ బిగించి విన్నాను. కొత్తవాటికీ వాటికీ తేడా ఉంది, కానీ నేను పెట్టిన డబ్బుకి తగ్గ తేడా కాదు. ఒక్క ఎడమ స్పీకర్ మాత్రం బేస్ వచ్చినప్పుడల్లా బర్రుమనేది. కోన్ చిరిగిందేమో అనుకుని డోర్ ప్యాడ్ మళ్లీ ఊడదీయబోతుంటే, డోర్ పాకెట్‌లో చేయి పెట్టిన మా ఆవిడ గుప్పెడు చిల్లర బయటికి తీసింది. ఫాస్టాగ్ రాకముందు టోల్ గేట్ల కోసం దాచినవి.