మైటర్ సాలో 45 పెట్టి కోసినా ఫ్రేము నాలుగో మూల ఎందుకు కలవట్లేదు?

అన్నా, మైటర్ సాతో (చెక్కను కోణంలో కోసే మెషిన్) కోస్తే మూడు మూలలు బాగా కూర్చుని నాలుగోదాంట్లో సందు వచ్చింది, బీడింగ్ (ఫ్రేము కట్టే చెక్కపట్టీ) వంకరేమో అని అడిగారు. అనంతపురంలో మా షాపులో దేవుడి పటాలకు ఫ్రేములు కడతాం. ఇలాంటి సందు కనిపిస్తే నేను బీడింగ్‌ని అనుమానించను, ముందు మూలమట్టం (90 డిగ్రీలు సరిచూసే L ఆకారపు పనిముట్టు) తీస్తాను.

ఫ్రేముకు 8 కోతలు. కోతకు అర డిగ్రీ చొప్పున తేడా పోతే మొత్తం 4 డిగ్రీలు, అదంతా ఆఖరి మూలలో బయటపడుతుంది. స్కేలు మీద అర డిగ్రీ కంటికి ఆనదు. సా తల 45 గాడిలో టక్కుమని పడిందని నమ్మేయకండి.

ప్లగ్ పీకేసి, సాను 0లో పెట్టి, బ్లేడు కిందికి దించి, మూలమట్టం ఒక అంచు ఫెన్స్‌కి (చెక్కను ఆనించే వెనక పట్టీ), రెండోది బ్లేడు రేకుకి ఆనించండి. పళ్లకు తగలనివ్వకండి, అవి రేకు కన్నా మందం. వెలుతురు కనిపిస్తే ఫెన్స్ బోల్టులు వదులు చేసి, సరిచేసి బిగించండి. బల్ల మీద బ్లేడు నిటారుగా ఉందో లేదో కూడా అలాగే చూడాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. బ్లేడు కాస్త వాలినా పైన కలిసిన మూల కింద తెరుచుకుంటుంది.

తర్వాత 0లోనే ఉంచి, రెండు అంచులూ సమాంతరంగా ఉన్న పలకను కోయండి. ఒక ముక్కను బోర్లించి, రెండింటినీ ఫెన్స్‌కి ఆనించి కోత కోతకు కలపండి. అక్కడ కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు, కాబట్టి చిన్న తేడా కూడా దాగదు. సందు లేకపోతేనే ముల్లును 0 మీదికి జరపండి.

ఇక 45. రెండు వేస్టు ముక్కలు కోసి మూలమట్టంలో కలిపి చూడండి. లోపలి వైపు సందుంటే కోణం 45 దాటింది, బయటి వైపు ఉంటే తక్కువైంది. పిసరంత మారుద్దామంటే తల మళ్లీ గాడిలోకే జారిపోతుంది. అప్పుడు ఫెన్స్‌కీ బీడింగ్‌కీ మధ్య ఒక కొసన కాగితం ముక్క పెట్టి కోయండి, చాలు.

కోతలన్నీ సరిగ్గా ఉన్నా ఎదురెదురు ముక్కల పొడవు తేడా పడితే మూల కలవదు. ఫెన్స్‌కి ఒక చెక్కముక్క స్టాపర్‌గా బిగించి, జత ముక్కలు రెండూ దానికే ఆనించి కోయండి. పచ్చి కర్ర మాత్రం వద్దు. మన ఎండలకు అది వెడల్పులో కుంచించుకుని, ఈరోజు కలిసిన మూల కూడా వేసవికి లోపలి వైపు విచ్చుకుంటుంది.