నవాహో ఇసుక చిత్రం అసలుది కాదని తేలితే డబ్బు తిరిగి అడగవచ్చా?

ప్రశ్న: మేము అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉంటున్నాం. కిందటేడు ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే, ఫ్రేము కట్టిన రెండు ఇసుక చిత్రాలను 600 డాలర్లకు కొన్నాను. ‘నవాహో కళాకారులు చేత్తో చేసినవి, 1500 డాలర్లు పలుకుతాయి’ అని అమ్మినావిడ రసీదు మీద రాసి ఇచ్చారు (నవాహోలు ఇక్కడి ఒక ఆదివాసీ తెగ). ఒకదాని వెనక కళాకారుడి సంతకం, చిత్రం పేరు ఉన్నాయి. రెండోదాని వెనక ఏమీ లేదు. ఈ మధ్య ఒక దుకాణదారు చూసి రెండోది అచ్చు వేసినదన్నారు. నేను డబ్బు తిరిగి అడగవచ్చా? లేదా ‘నవాహో స్టైల్’ అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మవచ్చా?

సమాధానం: మీ రసీదులోని ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. అరిజోనాలో అమలులో ఉన్న యూనిఫామ్ కమర్షియల్ కోడ్ (సరుకుల క్రయవిక్రయాల చట్టం) 2-313 సెక్షన్ ప్రకారం, వస్తువు ఫలానాదని అమ్మేవారు చెప్పిన వివరం బేరంలో భాగమైనప్పుడు అది హామీ కిందికి వస్తుంది. అమ్మినవారు వ్యాపారి కాకపోయినా, మోసగించే ఉద్దేశం వారికి లేకపోయినా ఆ హామీకి వారు కట్టుబడవలసిందే. వస్తువు ఎంత పలుకుతుందో చెప్పిన మాటను మాత్రం అదే సెక్షన్ కేవలం అభిప్రాయంగా చూస్తుంది. అందువల్ల 1500 డాలర్లు రాలేదన్న కారణంతో మీరు వేసే దావా నిలవదు, కానీ చేత్తో చేసినదని చెప్పి అచ్చు వేసినది అంటగట్టారని రుజువు చేయగలిగితే నిలుస్తుంది.

ఆ రుజువు ఎలా అన్నదే అసలు ప్రశ్న. నవాహో వైద్య క్రతువులలో హోగన్ అనే ఇంటి నేల మీద వేసే ఇసుక చిత్రాన్ని క్రతువు ముగియగానే చెరిపివేస్తారు కనుక, ‘పూజలో వాడిన చిత్రం’ అంటూ ఎవరైనా పలకను అమ్మజూపితే ఆ మాటను నమ్మనవసరం లేదు. అమ్మకానికి చేసేవి బోర్డు మీద జిగురు పూసి, దంచిన రంగురాళ్ల పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా జారవిడిచి వేసినవి. పవిత్ర చిత్రాన్ని ఉన్నదున్నట్టు దించకూడదన్న భావంతో వాటిలో కొన్ని వివరాలను కావాలనే మారుస్తారు కూడా. కాబట్టి పుస్తకంలోని బొమ్మతో సరిపోలలేదని దేన్నీ నకిలీ అనలేము. మీ రెండో చిత్రాన్ని పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకొని భూతద్దంతో చూడండి. చేతిపనిలో గీత నేపథ్యపు ఇసుక కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది, దాని మందం అక్కడక్కడా మారుతుంది, అంచున ఒకటి రెండు రేణువులు చెదిరి కనిపిస్తాయి. అచ్చులో రంగు రేణువుల పైపైనే పరుచుకొని, గీతలన్నీ ఒకే మందంలో ఉంటాయి. మీరు చూసినది మీ అనుమానాన్ని తీర్చవచ్చు గానీ న్యాయమూర్తి ముందు నిలవాలంటే నైరుతి రాష్ట్రాల ఆదివాసీ కళలలో అనుభవమున్న మదింపు నిపుణుడి లిఖిత అభిప్రాయం కావాలి. వెనక సంతకం లేకపోవడం ఒక్కటే రుజువు కాదని కూడా గుర్తుంచుకోండి.

లోపం తెలిసిన తరువాత సముచిత సమయంలో అమ్మినవారికి తెలియజేయకపోతే, అదే కోడ్‌లోని 2-607 సెక్షన్ కింద మీకున్న పరిహారపు హక్కులన్నీ పోతాయి. దావాకు నాలుగేళ్ల గడువుంది కదా అని ఊరుకోకుండా, రసీదు నకలు, ఫొటోలు జతచేసి ఈ వారమే లేఖ రాయండి. పరిహారం లెక్క 2-714 సెక్షన్‌లో ఉంది: చెప్పినట్టే ఉండి ఉంటే ఆ వస్తువుకు ఉండే విలువ నుంచి, నిజంగా అందిన వస్తువు విలువను తీసివేయగా మిగిలేది. మదింపు నిపుణుణ్ని ఈ రెండు అంకెలూ కొన్న నాటికి, కొన్న చోటికి వర్తించేలా రాయమని అడగండి. బీమా కోసం వేసే విలువ ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు. యాత్రికుల కోసం చేసిన చిన్న పలకలు అసలువైనా తరచుగా పదుల డాలర్లకే అమ్ముడవుతాయి కనుక, నిపుణుడి రుసుము మీ నష్టాన్ని మించుతుందేమో ముందే చూసుకోండి. ఆవిడతో మాట్లాడి సగం డబ్బుకు ఒప్పుకోవడమే మేలని నా అభిప్రాయం. కుదరకపోతే జస్టిస్ కోర్టులో చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ విభాగానికి వెళ్లవచ్చు. అక్కడ మీ వాదన మీరే వినిపించుకుంటారు, అయితే తీర్పుపై అప్పీలు ఉండదు.

ఆన్‌లైన్ అమ్మకం విషయంలో నా ఆందోళన ఎక్కువ. 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం (ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసీ), ఆదివాసీలు చేయని వస్తువును వారు చేసినదన్న భావన కలిగించేలా అమ్మడాన్నే కాదు, అమ్మకానికి పెట్టడాన్ని కూడా నిషేధిస్తుంది. శిక్షకు ‘తెలిసి చేయడం’ అవసరం. వెయ్యి డాలర్లకు తక్కువ ధర ఉన్న సరుకు విషయంలో మొదటిసారైతే 25,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు ఉంటాయి. సివిల్ దావాకు సంబంధించిన నిబంధనలో ఆ ‘తెలిసి’ అన్న షరతు లేదు, పైగా ప్రకటన ఉన్న ప్రతి రోజుకూ కనీసం 1000 డాలర్ల పరిహారం అడిగే వీలుంది. దుకాణదారు మాట విన్న తరువాత మీరు తెలియదని చెప్పుకోవడం కష్టం. ‘స్టైల్’ అన్న తోక తగిలించినంత మాత్రాన రక్షణ దొరకదు. ప్రకటన మొత్తం ఏ భావన కలిగిస్తుందో కోర్టు చూస్తుంది. దానికి తోడు ‘నవాహో’ పేరు మీద ఆ తెగ ప్రభుత్వమైన నవాహో నేషన్‌కు ట్రేడ్‌మార్కులు ఉన్నాయి. ఆ పేరును వాడినందుకు 2012లో అది అర్బన్ అవుట్‌ఫిట్టర్స్ అనే దుస్తుల కంపెనీపై వేసిన దావా 2016లో రాజీతో ముగిసింది.

ఈ చట్టం కింద దావా వేసే హక్కు తెగలకు, ఆదివాసీ కళాకారులకు, వారి సంస్థలకు, అటార్నీ జనరల్‌కు ఉంది గానీ మీలాంటి కొనుగోలుదారుకు లేదు. మీరు ఈ చట్టం అమలును చూసే ప్రభుత్వ సంస్థ, ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డుకు ఫిర్యాదు మాత్రం పంపవచ్చు. అయితే డబ్బు ఇవ్వకపోతే క్రిమినల్ ఫిర్యాదు చేస్తానని ఆవిడకు రాయకండి, అది మీ మీదికే తిరగవచ్చు.

రెండో చిత్రాన్ని అమ్మదలచుకుంటే ‘అలంకార ఇసుక చిత్రం, అచ్చు వేసినది కావచ్చు, తయారీదారు తెలియదు’ అని రాసి, ఏ తెగ పేరూ చేర్చకండి. మొదటిదాని వెనక భాగాన్ని ఫొటో తీసి, సంతకం, చిత్రం పేరు ఉన్నవి ఉన్నట్టుగా రాయండి. ఆ కళాకారుడు నవాహో తెగ సభ్యుడని నిర్ధారించుకున్న తరువాతే ‘నవాహో’ అన్న పేరు వాడండి.